బోటు కన్నా ముందు చోటు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం బోటు కొందామని కూర్చుంటే మాటలు ధరతో మొదలవుతాయి. ఎంతమంది పడతారు, ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్ అని సాగి చివరికి నెలవారీ వాయిదా దగ్గర ఆగుతాయి. దాన్ని ఎక్కడ పెడతాం అనే సంగతి బోటు చేతికొచ్చే వారంలో గాని గుర్తు రాదు. ఈ వరుస తలకిందులు కావాలని నా గట్టి నమ్మకం. ఏడాదిలో బోటు ఎన్నిసార్లు నీళ్లలోకి దిగుతుందో తేల్చేది దాని ధర కాదు, అది ఉండే చోటు. శనివారం పొద్దున వెళ్దామనిపించిన క్షణానికీ బోటు కదిలే క్షణానికీ మధ్య ఎంత చాకిరీ ఉంటే అంత తక్కువగా వెళ్తాం. మొదటి వేసవి ఉత్సాహం ఆ చాకిరీని మోస్తుంది. రెండో వేసవికి ఆ ఉత్సాహం ఉండదు, చాకిరీ మాత్రం అలాగే ఉంటుంది.

చోట్లు ముఖ్యంగా నాలుగు రకాలు. మెరీనాలో షెడ్డు కింద అరల్లో పెట్టడం డ్రై ర్యాక్. కొందరు దాన్నే డ్రై స్టాక్ అంటారు. నీళ్లలోనే రేవుకు కట్టి ఉంచడం వెట్ స్లిప్. ట్రైలర్ మీద ఎక్కించి ఇంటి దగ్గరో, అద్దె స్థలంలోనో నిలపడం మూడోది. నీటి ఒడ్డున సొంత ఇల్లు ఉన్నవాళ్లకు బోటును నీళ్ల పైకి ఎత్తి ఉంచే లిఫ్ట్ నాలుగోది. ఏది మేలని అందరూ అడుగుతారు. మీ కుటుంబం సెలవు రోజును నిజంగా ఎలా గడుపుతుందో తెలిస్తే తప్ప దానికి జవాబు లేదు.

డ్రై ర్యాక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనవాళ్లలో చాలామందికి ఇది కొత్త. ఎత్తైన ఇనుప షెడ్డులో మూడు, నాలుగు, కొన్నిచోట్ల ఐదు అంతస్తులుగా అరలుంటాయి. ఒక్కో అరలో ఒక్కో బోటు. మామూలు గోదాముల్లో తిరిగే వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఫోర్క్‌లిఫ్ట్ బోటును కింద నుంచి ఎత్తి, ఒడ్డుకు తెచ్చి, గట్టు అంచు నుంచి ఫోర్కులను నీటి మట్టం కిందికి దించుతుంది. బోటు తేలగానే ఫోర్కులు వెనక్కి తీసుకుంటుంది. మీరు చేయాల్సిందల్లా ముందుగా ఫోన్ చేయడమో, యాప్‌లో సమయం పెట్టడమో. మీరు చేరేసరికి బోటు రేవులో కట్టి ఉంటుంది. సాయంత్రం తెచ్చి అప్పగిస్తే చాలా మెరీనాల్లో సిబ్బంది ఇంజన్‌లోంచి మంచినీళ్లు పోనిచ్చి, పైన కడిగి, మళ్లీ అరలో పెడతారు. ఉప్పునీటిలో తిరిగే ఇంజన్‌కు ఆ మంచినీటి కడుగుడే ఆయుష్షు. అలసిపోయి ఇంటికెళ్లే తొందరలో మనం వాయిదా వేసే పని అదే.

పొడిగా ఉండటం వల్ల కలిగే లాభం అంతటితో ఆగదు. ఫ్లోరిడా తీరంలోని గోరువెచ్చని నీళ్లలో కొన్ని వారాలు కదలకుండా ఉంచితే బోటు అడుగున ముందు జిగురు పొర, తర్వాత నాచు, దాని మీద బార్నకిల్స్ అనే గుల్లజీవులు పట్టేస్తాయి. అడుగు గరుకైతే వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. వాటిని ఆపడానికి రాగి కలిసిన ప్రత్యేకమైన రంగు వేయించాలి, అది అరిగిపోతే మళ్లీ వేయించాలి. ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉండే ఫైబర్‌గ్లాస్ అడుగుభాగంలోకి తేమ దిగి బొబ్బలు లేవవచ్చు. అరలో ఉండే బోటుకు ఈ బెడద దాదాపు ఉండదు. ఆ రాగి రంగు వేయని బోటుకు అమ్మేటప్పుడు కూడా మంచి గిరాకీ ఉంటుంది. వాడనప్పుడు పడవ పొడిగా ఉండాలన్న ఎరుక మన తీరానికి కొత్తదేమీ కాదు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేట నుంచి రాగానే తెప్పను ఇసుక మీదికి లాగి, కట్లు విప్పి, దుంగలను ఎండబెట్టేవారు. నానిన దుంగ బరువెక్కి సరిగా తేలదని వాళ్లకు తెలుసు.

డ్రై ర్యాక్ అందరికీ నప్పదు. తెరచాప స్తంభం ఉన్న పడవకు అరలో చోటే ఉండదు. మరీ పొడవైన, బరువైన బోట్లను ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తలేదు. రేవులో కట్టిన బోటులో కూర్చుని చల్లగాలికి కబుర్లు చెప్పుకోవాలనుకునేవాళ్లకు, రాత్రి అందులోనే పడుకోవాలనుకునేవాళ్లకు ఇది కుదరదు. అరలో ఉన్న బోటు ఎక్కడానికి భద్రత కారణంగా ఒప్పుకోరు. సెలవురోజున స్పానర్ పట్టుకుని ఇంజన్ విప్పి చూసుకోవడం ఇష్టమైన మనిషికి ఇది చేతులు కట్టేసినట్టే ఉంటుంది. అలాంటివాళ్లు కింద ట్రైలర్ గురించి రాసిన భాగం మీద ఎక్కువ మనసు పెట్టండి.

వేళల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి పనివేళలే మీ బోటు వేళలు. సూర్యాస్తమయం చూసి చీకటి పడ్డాక వస్తే బోటును ఎత్తేవాళ్లు ఉండకపోవచ్చు. అప్పుడు రాత్రికి రేవులో కట్టి వెళ్లడానికి చోటుందా, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా అని ముందే కనుక్కోండి. మెమోరియల్ డే, జులై 4, లేబర్ డే వారాంతాల్లో అందరూ ఒకే గంటలో బోటు అడుగుతారు. మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి బయల్దేరితే పిల్లలు, పులిహోర డబ్బాలు, ఐస్ పెట్టెలు అన్నీ చేరేసరికి అనుకున్న వేళ దాటుతుంది. దించిన బోటును రేవు నుంచి త్వరగా తీయకపోతే వెనకవాళ్లు ఆగిపోతారు. అందుకే రేవులో నిలపడానికి చాలాచోట్ల గడువు పెడతారు. ముందు రోజు సాయంత్రమే సమయం పెట్టుకుని, అతిథులకు దానికన్నా ముందు వేళ చెప్పే అలవాటున్న ఇంటికి డ్రై ర్యాక్ హాయిగా ఉంటుంది.

అద్దె అడుగుల లెక్కన ఉంటుంది. ఇక్కడ చాలామంది తడబడతారు. బోటు కాగితాల మీద రాసిన పొడవు వేరు, మెరీనావాళ్లు టేపుతో కొలిచే పొడవు వేరు. వెనక వేలాడే మోటారు, ఈత కొట్టడానికి దిగే మెట్టు పలక, ముందు పొడుచుకొచ్చిన లంగరు భాగం అన్నీ కలిపి కొలుస్తారు. 24 అడుగులని కొన్నది 26 దాటవచ్చు. ఆ రెండడుగుల తేడాతో మరో ధర తరగతిలోకి జారవచ్చు. పొడవుతో పాటు ఎత్తూ చూస్తారు. పైన నీడకోసం అమర్చిన టీ టాప్, వేక్‌బోర్డింగ్ టవర్ అరలో పట్టాలి. పాంటూన్ (గొట్టాల మీద తేలే చదునైన బోటు) తీసుకునేవాళ్లు వెడల్పు, బరువు కూడా చెప్పి, ఆ మెరీనా పాంటూన్లను తీసుకుంటుందో లేదో స్పష్టంగా అడగాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహకోసం వేసే లెక్క. మీ ఊరి ధర పెట్టుకుని మళ్లీ వేసుకోండి. 24 అడుగుల బోటుకు నెలకు అడుగుకు 20 డాలర్లయితే నెలకు 480, ఏడాదికి 5,760 డాలర్లు. ఏడాదికి 12 సార్లు వెళ్తే ఒక్కో విహారానికి 480 డాలర్లు చోటుకే పడింది. 40 సార్లు వెళ్తే 144. చోటు ఖరీదైనదా చౌకా అన్నది నెల అద్దె చూసి చెప్పలేం. దాన్ని విహారాల సంఖ్యతో భాగించాలి. ఇంకో కోణం కూడా ఉంది. నెలకు వంద డాలర్ల స్థలంలో ట్రైలర్ నిలిపి ఏడాదంతా ఒక్కసారీ కదపని బోటు ఈ లెక్కలో అన్నిటికన్నా ఖరీదైనది.

తుపాను సంగతి తీరంలో ఉండేవాళ్లు పక్కన పెట్టడానికి వీల్లేదు. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అంటే బోటు తిరిగే రోజుల్లో సగానికి పైగా అదే కాలం. 2012 అక్టోబరులో శాండీ తుపాను తీరం దాటినప్పుడు తూర్పు తీరంలో 65,000 బోట్లకు పైగా దెబ్బతిన్నాయని బోటు యజమానుల సంఘం బోట్‌యూఎస్ అంచనా వేసింది. 2018లో మైకేల్ వచ్చినప్పుడు పనామా సిటీ ప్రాంతంలో డ్రై ర్యాక్ షెడ్లు చిరిగిపోయి బోట్లు అరలతో సహా ఒకదాని మీద ఒకటి కూలిపోయాయి. ఇనుప షెడ్డు ఉంటే చాలని ధీమా పడకూడదు. 1992లో ఆండ్రూ విధ్వంసం చూశాక ఫ్లోరిడా తన భవన నిబంధనలను గట్టిగా మార్చుకుంది. రాష్ట్రమంతటికీ ఒకే నిబంధనావళి 2002లో అమల్లోకి వచ్చింది. కాబట్టి షెడ్డు ఏ ఏడాది కట్టారు, గంటకు ఎన్ని మైళ్ల గాలికి తట్టుకునేలా కట్టారు అని అడగండి. జవాబు నోటి మాటగా చాలదు, కాగితం మీద చూపించమనండి. పైకప్పు లేని ఆరుబయటి అరలైతే తుపానుకు ముందు బోట్లను ఏం చేస్తారో అడగండి. లోపల అగ్నిమాపక స్ప్రింక్లర్లు ఉన్నాయా అన్నదీ ఇదే వరసలో అడగాల్సిన ప్రశ్న. ఇంధనం నిండిన బోట్లు పక్కపక్కన, ఒకదానిపై ఒకటి ఉండే చోట ఒక్క నిప్పురవ్వ అందరి బోట్లనూ తినేస్తుంది.

తుపాను హెచ్చరిక వెలువడ్డాక బోటు తీసుకుపోవాలని మెరీనా సాధారణంగా బోటు యజమానిని బలవంతం చేయకూడదని ఫ్లోరిడా చట్టంలో ఉంది. ఆస్తి కన్నా ప్రాణం ముఖ్యమన్నదే దాని ఉద్దేశం. అదే చట్టం బోటును తామే భద్రపరిచి, తగిన రుసుము వసూలు చేసుకునే వీలు మెరీనాకు ఇస్తుంది. ఆ రుసుము సంగతి మీ ఒప్పందంలో ఏ పేజీలో ఉందో ముందే చదవండి. పేరుపెట్టిన తుపానుకు చాలా బీమా పాలసీల్లో విడిగా డిడక్టబుల్ ఉంటుంది. అది సాధారణంగా బోటు విలువలో ఇంత శాతమని ఉంటుంది. తుపానుకు ముందు బోటును గట్టెక్కించే ఖర్చులో కొంత భరించే పాలసీలున్నాయి. ఏజెంటును అడిగి అలాంటిది తీసుకోండి.

తుపాను వేళ అన్నిటికన్నా భద్రమైన ఏర్పాటు ట్రైలర్. కారుకు తగిలించి లోతట్టుకు వెళ్లిపోవచ్చు. బాగా ప్రమాదకరమైంది ఇంటి లిఫ్ట్. ఉప్పెన నీళ్లు లిఫ్ట్ ఎత్తును దాటితే బోటు దాని మీంచి తేలిపోయి గోడలనో, పక్కింటినో గుద్దుకుంటుంది. వాన నీళ్లు బోటులో నిండితే ఆ బరువుకు లిఫ్టే కూలుతుంది. సొంత రేవున్న ఇల్లు కొనేవాళ్లు లిఫ్టును మామూలు రోజుల సుఖంగా చూడాలి, తుపాను రోజుల రక్షణగా కాదు.

ఇక డాలస్, అట్లాంటా, షార్లెట్ చుట్టూ ఉన్న మన కుటుంబాల సంగతి వేరు. వాళ్లవి మంచినీటి చెరువులు. ఉప్పు లేదు కాబట్టి వెట్ స్లిప్‌లో ఉంచితే ఏమవుతుందనిపిస్తుంది. చెరువుకు దాని కష్టాలు దానికున్నాయి. టెక్సాస్‌లో జీబ్రా మసెల్ అనే చిన్న గుల్లజీవి 2009లో టెక్సోమా చెరువులో బయటపడింది. తర్వాత లూయిస్‌విల్ సహా ఎన్నో చెరువులకు పాకింది. నీళ్లలోనే ఉండే బోటు అడుగుకూ, ఇంజన్‌కు చల్లని నీరు తెచ్చే దారులకూ అది అంటుకుంటుంది. బోటును చెరువులోంచి తీసి తీసుకెళ్లేటప్పుడు లోపలి నీళ్లన్నీ వంపేయాలని అక్కడి చట్టం. నీటి మట్టం ఇంకో తలనొప్పి. అట్లాంటా పక్కనున్న లేనియర్ చెరువు పూర్తి మట్టం సముద్రమట్టానికి 1,071 అడుగులు. 2007 డిసెంబరు కరువులో అది 20 అడుగులకు పైగా పడిపోయింది. ర్యాంపులు ఎన్నో మూతపడ్డాయి. నీళ్లలోకి దించే ర్యాంపు లేనప్పుడు ట్రైలర్ ఇంట్లో ఉండి ఏం లాభం? లోతైన చోట తేలే రేవులున్న మెరీనా అలాంటి ఏడాదిలోనే విలువ చూపిస్తుంది.

వెట్ స్లిప్ ఎంచుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. కరెంటు తీగలున్న రేవు దగ్గర పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి. రేవు నుంచి గాని, ఏదో ఒక బోటు నుంచి గాని విద్యుత్ నీళ్లలోకి కారుతుంటే పైకి ఏమీ కనబడదు. మంచినీటి కన్నా మనిషి ఒంట్లో విద్యుత్ తేలిగ్గా పారుతుంది కాబట్టి ఈదేవాళ్ల కండరాలు బిగుసుకుపోయి మునిగిపోతారు. కాపాడబోయి దూకినవాళ్లూ పోతారు. ఎవరైనా అలా మునుగుతూ కనబడితే ముందు రేవు కరెంటు ఆపాలి, తేలే వస్తువు విసరాలి, నీళ్లలోకి మాత్రం దిగకూడదు. ఉప్పునీటిలో ఈ ప్రమాదం చాలా తక్కువ, చెరువుల్లోనే ఎక్కువ.

రేవులో కట్టిన బోటు మునగదనుకోవడమూ పొరపాటే. ప్రయాణంలో కన్నా కట్టేసిన చోటే ఎక్కువ బోట్లు మునుగుతాయని బోటు బీమా రంగంలో అందరూ చెప్పే మాట. వానకు నీళ్లు నిండడం, అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు బ్యాటరీ అయిపోవడం, రబ్బరు గొట్టం చిట్లడం లాంటి చిన్న కారణాలే చాలు. రెండు వారాలకు ఒకసారైనా వెళ్లి చూసే మనిషి లేని ఇంటికి వెట్ స్లిప్ వద్దని నేను సూటిగా చెబుతాను. నీటి మీదే ఎక్కువ గంటలు గడిపేవాళ్లకు, సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి ఓ గంట తిరిగొచ్చేవాళ్లకు మాత్రం దానికి సాటి లేదు. తాడు విప్పితే చాలు.

ట్రైలర్ చౌక. స్వేచ్ఛా ఎక్కువే, ఈ వారం ఒక చెరువు, వచ్చే వారం ఇంకోటి. అయితే మూడు చిక్కులున్నాయి. మొదటిది ఇంటి దగ్గర చోటు. మనవాళ్లు ఎక్కువగా ఉండే, డాలస్ పక్కనున్న ఫ్రిస్కో లాంటి చోట్ల కొత్త కాలనీల్లో ఇంటి ముందు బోటు నిలపడానికి చాలా హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) ఒప్పుకోవు. నోటీసు, ఆ తర్వాత జరిమానా. ముందు మీ హెచ్‌ఓఏ నిబంధనలు తీసి చదవండి. రెండోది కారు. హోండా ఒడిస్సీ లాగగలిగేది 3,500 పౌండ్లు. టెస్లా మోడల్ వై కూడా అంతే. 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు, ఇంజన్, ఇంధనం, ట్రైలర్ కలిపితే 4,000 పౌండ్లు దాటడం మామూలు. బోటుతో పాటు ఒక పికప్ ట్రక్కు కూడా కొనాల్సి వస్తే ట్రైలర్ చౌక అన్న మాట అక్కడే ఆగిపోతుంది. మూడోది ర్యాంపు. జనం చూస్తుండగా ట్రైలర్‌ను వెనక్కి నడపడం నేర్చుకుంటే వచ్చే విద్యే. ఖాళీ పార్కింగు స్థలంలో ఇంట్లో ఇద్దరూ నేర్చుకోండి. ఒక్కరికే వస్తే ఆ ఒక్కరికి ఒంట్లో బాగాలేని రోజు బోటు కదలదు. టైర్ల వయసు, చక్రాల బేరింగుల గ్రీజు, లైట్లు ఏటా చూడాలి. ముఖ్యంగా బోటు అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ బిగించాకే నీళ్లలోకి దించాలి.

ఎక్కడ పెట్టినా ఒప్పందం చదవకుండా సంతకం పెట్టవద్దు. ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తేటప్పుడు బోటుకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదన్న వాక్యం వెతకండి. చాలా ఒప్పందాలు ఆ బాధ్యతను మీ బీమా మీదికి నెట్టేలా రాసి ఉంటాయి. అప్పగించే రోజున బోటు అన్ని వైపులా, అడుగుతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి. మీకు నచ్చిన మెకానిక్‌ను లోపలికి రానిస్తారా, లేక వాళ్ల వర్క్‌షాపులోనే చేయించాలా అడగండి. అద్దె బకాయి పడితే బోటును అమ్ముకునే హక్కు చాలా రాష్ట్రాల్లో మెరీనాకు ఉంది. ఇండియా వెళ్లి రెండు మూడు నెలలు ఉండే కుటుంబాలు ఆటోపే పెట్టి వెళ్లడం మేలు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఇంట్లో అందరూ కూర్చోండి. గడిచిన ఏడాది వారాంతాలన్నీ క్యాలెండర్లో చూడండి. పిల్లల కూచిపూడి తరగతులు, క్రికెట్ లీగు, పుట్టినరోజులు, పెళ్లిళ్లు, గుడి కార్యక్రమాలు తీసేస్తే ఎన్ని శనివారాలు మిగిలాయి? వాటిలో సగం రోజే దొరికేవెన్ని, మొత్తం రోజు ఇవ్వగలిగేవెన్ని? ఆశతో రాయకండి, జరిగినది రాయండి. సగం రోజులే ఎక్కువగా మిగిలితే ట్రైలర్ మీకు నప్పదు, ఆ సగం రోజు దారిలోనే పోతుంది. మిగిలినవి మరీ తక్కువైతే ఈ ఏడాదికి బోటు కొనకుండా బోట్ క్లబ్బులో చేరండి. 1989లో ఫ్లోరిడాలోని సరసోటాలో మొదలైన ఫ్రీడమ్ బోట్ క్లబ్ లాంటివి చందా తీసుకుని వాళ్ల బోటే ఇస్తాయి. చోటు బెడద వాళ్లదే.

నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. ఉప్పునీటి తీరంలో ఉంటూ, 20 నుంచి 30 అడుగుల మధ్య మోటారు బోటు తీసుకుని, నెలకు రెండు మూడు సార్లు పగటిపూట వెళ్లే కుటుంబానికి గట్టి షెడ్డున్న డ్రై ర్యాక్‌ను మించినది లేదు. మంచినీటి చెరువు పక్కన పాంటూన్‌తో వారంలో సాయంత్రాలు కూడా వెళ్లేవాళ్లకు, చూసుకునే ఓపిక ఉంటే, వెట్ స్లిప్. తగిన బండి, స్థలం, చేతిపని మీద ఇష్టం మూడూ ఉన్నవాళ్లకు ట్రైలర్.

మంచి మెరీనాల్లో అరల కోసం వరసలో ఎదురుచూడాల్సి రావచ్చు. అందుకే డీలర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక రద్దీ శనివారం మీ దగ్గరి మెరీనాకు వెళ్లండి. బోట్లు ఎలా దించుతున్నారో, ఎంతసేపు ఆగాల్సి వస్తోందో ఒడ్డున నిలబడి చూడండి. అక్కడ దిగుతున్నవాళ్లను పలకరించి ధర, సేవ ఎలా ఉన్నాయో అడగండి. మీ బోటు కొలతలు చెప్పి, చోటు ఉందని మెరీనా రాతపూర్వకంగా ఇచ్చాకే డీలర్‌కు అడ్వాన్సు కట్టండి.